కంపెనీ ఆర్‌ అండ్‌ డీ విభాగానికి డీఎస్‌ఐఆర్‌ గుర్తింపు: దరఖాస్తు ఎలా చేయాలి?

2020-21 లెక్కల ప్రకారం మన దేశం పరిశోధన, అభివృద్ధి మీద పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు పరిశ్రమల వాటా 36 శాతం చిల్లర. అమెరికా, చైనా, జపాన్, దక్షిణ కొరియాల్లో ఈ ఖర్చులో 70 శాతానికి పైగా కంపెనీలే పెడతాయి. ఇక్కడి కంపెనీల చేత కూడా పెట్టించాలని ప్రభుత్వం గ్రాంటు, తక్కువ వడ్డీ అప్పు, పన్ను మినహాయింపు అనే మూడు దారులు తెరిచింది. ఏ దారి పట్టాలో తేల్చుకోకుండా ఫారాలు నింపితే నెలలు వృథా.

ఆలోచన ఇంకా తొలి దశలో ఉంటే గ్రాంటు చూసుకోవాలి. బయోటెక్ రంగంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే 'బిగ్' గ్రాంటు 50 లక్షల రూపాయల దాకా వస్తుంది. వస్తువు ల్యాబ్ దాటి మార్కెట్‌కు వెళ్లాల్సి ఉంటే 1996లో ఏర్పడిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ఉంది. ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా 5 శాతం సాధారణ వడ్డీకి అప్పు ఇస్తుంది. 2025 జూలై 1న కేబినెట్ ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకం కూడా గ్రాంటు కాదు. దీర్ఘకాలిక అప్పో, వాటా పెట్టుబడో ఇస్తుంది. అదీ టెక్నాలజీ రెడీనెస్ లెవెల్ (టెక్నాలజీ ఎంత సిద్ధమైందో 1 నుంచి 9 దాకా చెప్పే కొలమానం) 4, ఆపై ప్రాజెక్టులకే.

మూడో దారి అయిన పన్ను మినహాయింపులో తొలి మెట్టు డీఎస్‌ఐఆర్ గుర్తింపు. డీఎస్‌ఐఆర్ అంటే కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం. దరఖాస్తు దాని పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. కంపెనీ పేరుతో రిజిస్టర్ అయి, ఫారం నింపి, వార్షిక నివేదికలు, పరిశోధన సిబ్బంది వివరాలు, పరికరాల జాబితా, చేసిన పనులు, చేయబోయే పనులు అప్‌లోడ్ చేయాలి. ఫారం పెద్ద కష్టం కాదు. టెన్షన్ అంతా దాని వెనక ఉన్న లెక్కలతోనే.

అధికారులు ముందుగా చూసేది ఇది నిజంగా పరిశోధనేనా అని. క్వాలిటీ కంట్రోల్, రోజువారీ టెస్టింగ్, మార్కెట్ సర్వే ఇందులోకి రావు. కొత్త ప్రాసెస్, కొత్త డిజైన్, ఇంధనం ఆదా చేసే పద్ధతి, వ్యర్థాల రీసైక్లింగ్ లాంటివి వస్తాయి. ఉదాహరణకు ల్యాబ్‌లో ఒక ఫర్నేస్ ఉందనుకుందాం. పొద్దున ప్రొడక్షన్ శాంపిళ్లు, మధ్యాహ్నం కొత్త మిశ్రమలోహం ట్రయల్స్. ఆ ఫర్నేస్‌ను పూర్తిగా పరిశోధన పరికరంగా చూపిస్తే, లాగ్‌బుక్ తెరిచిన మరుక్షణం పట్టుబడతారు. పరిశోధనకు విడిగా కేటాయించిన స్థలం, ఆ పనే చేసే అర్హులైన సిబ్బంది, పూర్తికాలపు ఆర్‌ అండ్‌ డీ హెడ్ ఉండాల్సిందే. 'మా ప్రొడక్షన్ మేనేజరే ఇదీ చూసుకుంటారు' అంటే నడవదు.

ఇక ఖాతాలు. పరిశోధన ఖర్చును క్యాపిటల్, రెవెన్యూ అని విడదీసి ప్రత్యేక ఖాతాల్లో రాయాలి. అది వార్షిక నివేదికలోనూ కనపడాలి. ఏడాది చివర ఆడిటర్‌తో కూర్చుని 'ఇందులో ఆర్‌ అండ్‌ డీ ఎంత?' అని అంచనా వేసే కంపెనీలు ఇక్కడే చిక్కుకుంటాయి. దరఖాస్తుకు ఏడాది ముందే విడి లెడ్జర్ తెరవడం నయం. పరిశీలనలో అధికారులు ప్రశ్నలు అడగొచ్చు, చర్చకు పిలవొచ్చు, ల్యాబ్ చూడటానికీ రావచ్చు. అప్పుడు కన్సల్టెంట్‌కు బదులు పరిశోధన చేసిన మనిషి మాట్లాడితే పని త్వరగా తెమలుతుంది.

గుర్తింపు రాగానే పన్ను మినహాయింపు వచ్చేసినట్టు కాదు. దానికి వేరే ఆమోదం కావాలి, 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 35(2ఏబీ) కింద ఫారం 3సీకేతో అడగాల్సి వచ్చేది. స్థలం, భవనం ఖర్చు అందులోకి రాదు. ఒకప్పుడు పెట్టిన ఖర్చులో 200 శాతం ఉన్న మినహాయింపు 2017-18 నుంచి 150కి, 2020-21 నుంచి 100కి తగ్గింది. పైగా 22 శాతం రాయితీ పన్ను రేటు ఎంచుకున్న కంపెనీకి ఈ మినహాయింపు వర్తించదు. కాబట్టి పన్ను కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదనే నా అభిప్రాయం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది గనుక, దరఖాస్తు రోజుకు ఉన్న సెక్షన్, ఫారం నంబర్లు సరిచూసుకోండి.

గుర్తింపు శాశ్వతం కాదు, మామూలుగా ఏదో ఒక ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. లేఖలోని తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, గడువు తీరకముందే పోర్టల్‌లో రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టండి.