పాఠం 4: జెల్ ఫొటో చదవడం – ఈ రెండు సాల్మొనెల్లాలు ఒకటేనా?

పోయిన పాఠంలో సాల్మొనెల్లా (తిండి ద్వారా జబ్బు తెచ్చే బాక్టీరియా) కణాల్ని అగరోజ్ (జెల్లీ లాంటి పదార్థం) ప్లగ్గుల్లో బిగించి, కణాల్ని పగలగొట్టి, ఎక్స్‌బా-1 ఎంజైమ్‌తో డీఎన్ఏని కోసి, పల్స్‌డ్ ఫీల్డ్ జెల్‌కి ఎక్కించే దాకా వచ్చాం. పెద్ద ముక్కల్ని మామూలు జెల్ విడదీయలేదు, అన్నీ ఒకేచోట ముద్దగా నిలిచిపోతాయి. అందుకే కరెంటు దిశ మారుస్తూ 18, 20 గంటలు నడిపాం. ఇప్పుడు ఫొటో చేతికొచ్చింది. నన్నడిగితే పీఎఫ్‌జీఈలో (ఈ పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ పద్ధతికి పొట్టిపేరు) అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

ముందు రోగుల లేన్ల (ఒక్కో శాంపిల్ నడిచిన నిలువు దారి) జోలికి వెళ్లకండి. 1, 5, 10 లేన్లలో వేసిన సైజు స్టాండర్డ్ (ముక్కల సైజులు ముందే తెలిసిన శాంపిల్) చూడండి, అదే, సాల్మొనెల్లా బ్రేండరప్ హెచ్9812. ఆ మూడింటిలో బ్యాండ్లు (ఒకే సైజు డీఎన్ఏ ముక్కలు చేరి ఏర్పడే అడ్డగీతలు) ఒకే వరుసలో స్పష్టంగా కనిపించాలి. కొద్దిపాటి వంకర ఉంటే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, బాగా చెదిరిపోయి ఉంటే మాత్రం మొహమాటపడకుండా జెల్ మళ్లీ నడపండి.

ఇప్పుడు ప్రాక్టీస్. అంకెలు నేను కల్పించినవే, కిలోబేస్‌లలో (ఒక కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు). రోగి లేన్: 620, 450, 300, 210, 90. కోడిమాంసం లేన్: 620, 450, 210, 180, 120, 90.

చూడగానే "మూడు బ్యాండ్లు తేడా, వేరే స్ట్రెయిన్ (వంశం)" అనాలనిపిస్తుంది. ఆగి కూడండి. 180, 120 కలిపితే 300. అంటే రోగి లేన్‌లో ఉన్న 300 ముక్క మధ్యలో ఒక్క అక్షరం మారి ఎంజైమ్‌కి కొత్తగా కోసే చోటు దొరికింది, అందుకే ఒక బ్యాండ్ పోయి రెండు వచ్చాయి. జరిగింది ఒకే ఒక్క మార్పు, జెల్ మీద కనిపించేది మూడు తేడాలు! 1995లో టెనోవర్ బృందం ఇచ్చిన కొలబద్దకి ఆధారం ఇదే: తేడా లేకపోతే విడదీయలేనివి, 2–3 ఉంటే దగ్గరి సంబంధం, 4–6 ఉంటే సంబంధం ఉండొచ్చు, 7 లేదా అంతకన్నా ఎక్కువైతే వేరు. అయితే ఇది తక్కువ కాలంలో, ఒకే అవుట్‌బ్రేక్‌లో (ఒకే మూలం నుంచి జబ్బు ఒక్కసారిగా వ్యాపించడం) దొరికిన శాంపిళ్లకే, అదీ కనీసం పది బ్యాండ్లు ఉన్నప్పుడే. ఏళ్ల తేడాతో దొరికిన వాటికి దీన్ని వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, దయచేసి మీరు ఆ పని చేయకండి.

డైస్ స్కోర్ (రెండు లేన్లు ఎంత శాతం పోలుతున్నాయో చెప్పే లెక్క) కూడా వేసి చూడండి. రెండింట్లో ఉన్న బ్యాండ్ల సంఖ్యని రెండుతో గుణించి, రెండు లేన్ల మొత్తం బ్యాండ్లతో భాగించాలి. మనకి కలిసినవి 4, మొత్తం 11, కాబట్టి 8/11, దాదాపు 73 శాతం. అదే ఒక్క మార్పు 15 బ్యాండ్లున్న జెల్‌లో జరిగితే 28/31, అంటే 90 శాతం. అందుకే బ్యాండ్లెన్నో చెప్పకుండా శాతం ఒక్కటే చెబితే నమ్మకండి.

సరే, రెండు లేన్లూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయనుకుందాం. మూలం దొరికినట్టేనా? కాదు, ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఆ బ్యాండ్ల నమూనా జనంలో ఎంత మామూలుగా కనిపిస్తుందో తెలియకుండా పోలికకి విలువ లేదు. 2010లో అమెరికాలో గుడ్ల వల్ల సాల్మొనెల్లా ఎంటరిటిడిస్ (సాల్మొనెల్లాలో ఒక రకం) వ్యాపించి 1,900 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 కోట్లకు పైగా గుడ్లు వెనక్కి రప్పించారు. అక్కడ రోగుల్లో దొరికిన బ్యాండ్ల నమూనా కోడ్ జేఈజీఎక్స్01.0004, అప్పట్లో ఆ దేశంలో ఎంటరిటిడిస్‌కి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది అదే! అవుట్‌బ్రేక్ లేని వారాల్లోనూ పల్స్‌నెట్‌కి (ఇలాంటి ఫలితాలు ఒకచోట చేర్చి పోల్చే అమెరికా ల్యాబుల నెట్‌వర్క్) అవే బ్యాండ్లు వస్తూనే ఉండేవి, కాబట్టి ఏ రోగి గుడ్ల వల్ల జబ్బుపడ్డాడో, ఎవరు మామూలుగా వచ్చే కేసో జెల్ చూసి చెప్పే దారి లేకపోయింది. మరి ఎలా పట్టుకున్నారు? వారానికి మామూలుగా వచ్చే లెక్క కన్నా ఆ నమూనా ఎంత పెరిగిందో చూశారు, ఒకే హోటల్లో తిని జబ్బుపడ్డవాళ్లని వెతికి ఏం తిన్నారో అడిగారు, ఆ గుడ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో బిల్లులు పట్టుకుని వెనక్కి వెళ్లారు, అలా అయోవా ఫారాల దాకా చేరారు. జెల్ చేసిన పని అనుమానం పుట్టించడం, దారి చూపింది మాత్రం రోగులతో మాట్లాడినవాళ్లు.

ఇలాంటప్పుడు రెండో ఎంజైమ్, బీఎల్ఎన్-1, వేసి చూస్తే కొంత ఉపయోగం. పూర్తి జీనోమ్ (బాక్టీరియా మొత్తం డీఎన్ఏ) చదివే పద్ధతి ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది, 2019లో పల్స్‌నెట్ కూడా పీఎఫ్‌జీఈ వదిలి దానికి మారింది. అది 6వ పాఠంలో.

హోంవర్క్ రెండు. ఒకటి: పై రోగి లేన్‌లో 210, 90 ముక్కల మధ్య కోసే చోటు చెరిగిపోతే ఏ బ్యాండ్లు పోతాయి, ఏది వస్తుంది, జెల్ మీద ఏం కనిపిస్తుంది? 300 దగ్గర ముందే ఒక బ్యాండ్ ఉందని మరిచిపోకండి. రెండోది: 300 బ్యాండ్ మాయమై 340 దగ్గర కొత్తది వచ్చింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి. ఏం జరిగి ఉంటుంది? జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను, తర్వాత ఎంఎల్ఎస్‌టీలోకి (కొన్ని జీన్ల అక్షరాలు చదివి స్ట్రెయిన్లని పోల్చే పద్ధతి) వెళ్దాం. అక్కడ ఏడు జీన్లే చదువుతాం, బ్యాండ్ల గొడవ ఉండదు.