బానిష్డ్‌లో ఏటా ఒక ఇల్లు

2014లో వచ్చిన, ఊరు కట్టి నడిపే కంప్యూటర్ ఆట బానిష్డ్‌లో నన్ను బాగా బాధపెట్టింది చలికాలం కాదు. ఇరవై ఏళ్లు పచ్చగా ఉన్న ఊళ్లో ఉన్నట్టుండి ముసలివాళ్లంతా పోవడం, పొలాల్లో పని చేసేవాళ్లు లేక పంట మంచుపాలు కావడం. ఖాళీ ఇల్లు దొరికితేనే యువజంటలు కాపురం పెడతాయి, పిల్లలు పుడతారు. నేను ఇళ్లు కట్టడం ఆపేసినప్పుడల్లా జరిగింది ఇదే.

ఇప్పుడు ముందుగానే నాలుగైదు ఇళ్లకు స్థలం గుర్తించి, వాటి నిర్మాణాన్ని పాజ్‌లో పెడుతున్నాను. ప్రతి వసంతంలో ఒక్కదాని పాజ్ తీసి, కట్టడానికి వదులుతాను. చలి ముదిరేలోపు పూర్తవుతుంది. చెక్క ఇంటికి 16 దుంగలు, 8 రాళ్లు చాలు. రాతి ఇంటికి 24 దుంగలు, 40 రాళ్లు, 10 ఇనుము కావాలి. ఖర్చు ఎక్కువే అయినా వంటచెరకు బాగా తక్కువ పడుతుంది కాబట్టి, ఇనుము ఉన్నప్పుడు నేను రాతి ఇల్లే కడతాను. ఊరు వంద మంది దాటాక ఏడాదికి రెండు వదలండి.

వదిలే ముందు తిండి నిల్వ చూడాలి. మనిషికి ఏడాదికి సుమారు 100 యూనిట్ల తిండి చొప్పున లెక్క వేసుకుంటాను. అంతకన్నా తక్కువుంటే ఆ ఏడు ఇల్లు వద్దు. కంగారుపడి ఐదారు ఇళ్లు ఒకేసారి వదిలితే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు: పిల్లలంతా ఒక్కసారే పుట్టి గాదె ఖాళీ అవుతుంది, తర్వాత వాళ్లంతా ఒకేసారి ముసలివాళ్లవుతారు.