కోవిడ్ పోయినా నీరసం పోవట్లేదా? ఏ ఇబ్బంది ఎందుకొస్తుంది, ఏం చేయాలి

ముందు ఒక మాట. కోవిడ్ వచ్చి 3 నెలలైనా ఇబ్బందులు వదలకుండా, కనీసం 2 నెలలుగా సాగుతూ, వాటికి వేరే కారణం కనబడకపోతేనే లాంగ్ కోవిడ్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు తప్పకుండా చేయించుకోండి, వీటిలో ఏది తేడాగా ఉన్నా ఇలాంటి నీరసమే వస్తుంది. అన్నీ నార్మల్ వచ్చాయంటే మీ బాధ అబద్ధమని కాదు.

సమస్య: నిన్నటిదాకా బాగున్నా, ఇవాళ మంచం దిగలేకపోతున్నా

ఎక్కువమందిని కుంగదీసేది ఇదే. ఆదివారం ఒంట్లో తేలిగ్గా ఉందని మోండా మార్కెట్‌కి వెళ్లి, సంచీలు మోసుకొచ్చి, ఇల్లు దులిపి, సాయంత్రం చుట్టాలింటికి కూడా వెళ్లొస్తారు. సోమవారం పర్లేదు. మంగళవారం పొద్దున్నే ఒళ్లు హూనం, తల దిమ్ము, వెలుతురు చూస్తే చిరాకు.

కారణం: శ్రమ పడ్డాక 12 నుంచి 48 గంటలకు దెబ్బ కొట్టడం ఈ జబ్బు తీరు. మధ్యలో ఒక రోజు గడిచిపోతుంది కాబట్టి ఆదివారం పనికీ మంగళవారం నీరసానికీ ఎవరూ ముడిపెట్టరు. ఆఫీసులో గంటల తరబడి మీటింగులు, ఇంట్లో గొడవ కూడా శ్రమే.

పరిష్కారం: ఏ రోజు ఏం చేశారో, మర్నాడూ ఎల్లుండీ ఎలా ఉన్నారో రెండు వారాలు డైరీలో రాయండి. మీ హద్దు ఎక్కడుందో దొరుకుతుంది. బాగున్న రోజు కూడా ఆ హద్దు దాటొద్దు. అలసట రాకముందే పడుకోండి. కూరలు కూర్చుని తరగండి, స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి. "రోజూ కేబీఆర్ పార్కులో నాలుగు రౌండ్లు కొట్టు, అదే పోతుంది" అనేవాళ్ల మాట ఈ లక్షణం ఉన్నవాళ్లు అస్సలు వినొద్దు. ఇదే లక్షణం ఉండే ఎంఈ/సీఎఫ్ఎస్ (నెలల తరబడి వదలని తీవ్ర నీరసం) జబ్బుకు వ్యాయామం క్రమంగా పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లోనే చెప్పింది.

సమస్య: లేచి నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం

పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి, తర్వాత లేచి నిలబడి పది నిమిషాల్లోపు రెండు మూడుసార్లు చూడండి. నాడి నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి అలాగే ఉంటే గుండె డాక్టరుకు చూపించండి. పాట్స్ అనే సమస్య (లేచి నిలబడగానే గుండె వేగం బాగా పెరిగిపోవడం) కావచ్చు, రక్తహీనత కూడా కావచ్చు. నీళ్లు బాగా తాగాలి, కాళ్లకు బిగుతు సాక్సులు వేసుకోవాలి. ఉప్పు పెంచడం మాత్రం డాక్టరు చెబితేనే, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు సొంతంగా పెంచొద్దు. మన మే నెల ఎండకు ఇది ఇంకా ముదురుతుంది. అమీర్‌పేట మెట్రోలో మెట్లు ఎక్కకండి, లిఫ్టు వాడుకోవడంలో నామోషీ లేదు.

సమస్య: వాసన తెలియట్లేదు

గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగు వాసనలూ పీల్చి ముక్కుకు మళ్లీ అలవాటు చేయండి. ఒక్కోటి 20 సెకన్లు, రోజుకు రెండుసార్లు, కొన్ని నెలలపాటు. ఈలోపు గ్యాస్ లీకైతే మీకు తెలియదు కాబట్టి ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

సమస్య: నా బాధ డాక్టరుకూ ఇంట్లోవాళ్లకూ అర్థం కావట్లేదు

"ఎలా ఉంది?" అంటే "పర్లేదు సార్" అనేస్తాం, అక్కడే పోతుంది. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, టెన్షన్ లేదా దిగులు: ఈ అయిదింటి గురించీ విడివిడిగా చెప్పండి. జీవన నాణ్యత కొలిచే ఈక్యూ-5డీ ప్రశ్నావళి కూడా వీటినే అడుగుతుంది. "నీరసం" అని ఊరుకోకుండా "స్నానం చేశాక అరగంట పడుకోవాల్సి వస్తోంది" అనండి. ఇంట్లో బద్ధకం అంటుంటే ఒకసారి డాక్టరు దగ్గరికి వాళ్లనూ తీసుకెళ్లండి. దిగులు మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, ఒక కాలు ఉన్నట్టుండి వాయడం, మూతి లేదా చెయ్యి ఒక పక్కకు పడిపోవడం, వీటిలో ఏది కనబడినా లాంగ్ కోవిడ్‌లే అని ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.