పర్మిట్ అడగని రాష్ట్రంలో గన్ పెట్టుకుని తిరిగే ముందు

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, ఫ్లోరిడాలో 2023 జులై 1 నుంచి గన్ దగ్గర పెట్టుకుని బయట తిరగడానికి పర్మిట్ అక్కర్లేదు. జార్జియా, ఒహాయో 2022లోనే ఆ దారి పట్టాయి. ఇప్పుడు అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలది ఇదే పద్ధతి. క్లాసు లేదు, పరీక్ష లేదు, ఒక్క రౌండు కాల్చి చూపించే పని కూడా లేదు. ఈ సడలింపు చూసి మొదటిసారి పిస్టల్ కొనాలనుకుంటున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసమే ఇది.

అన్నిటికన్నా ముందు మీ వీసా చూసుకోండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రాష్ట్రం పర్మిట్ అడగడం లేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె గన్ పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పిన ఒక కేసు ఇలాగే మొదలైంది: యూనివర్సిటీ తీసేయడంతో వీసా స్టేటస్ పోయిన విద్యార్థి ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు అతని వైపే తీర్పు ఇచ్చింది. కానీ ఆ మాట వినడానికి అతను సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. పైగా దేశం నుంచి పంపించేసే ప్రమాదం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. భర్తకు గ్రీన్ కార్డ్ ఉండి భార్య ఇంకా వీసా మీదే ఉంటే, సేఫ్ తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా లాయర్‌ని అడగాల్సిన విషయమే.

ఇక శిక్షణ సంగతి. గన్ పెట్టుకునే హక్కుకు శిక్షణను షరతు చేయాలా అన్నది అక్కడ తెగని గొడవ. వద్దనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కుకు ఫీజు పెడితే డబ్బున్నవాడికే హక్కు మిగులుతుంది, రాత్రి షిఫ్టు చేసుకునే మనిషికి 16 గంటల క్లాసు ఎక్కడ కుదురుతుంది అంటారు వాళ్లు. న్యూయార్క్‌లో చాలాకాలం, ‘నీకు ప్రత్యేకమైన అవసరం ఉందా లేదా’ అన్నది లైసెన్సు ఇచ్చే అధికారి ఇష్టం మీదే ఉండేది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయితే అదే తీర్పులో ఒక ఫుట్‌నోట్ ఉంది. అర్హత ఉన్న ప్రతివాళ్లకూ లైసెన్సు ఇచ్చే రాష్ట్రాలు నేరచరిత్ర తనిఖీ, భద్రత క్లాసు అడగడంలో తప్పు లేదని సూచిస్తూనే, ఏళ్లూపూళ్లూ తిప్పినా, మోయలేనంత ఫీజు పెట్టినా మళ్లీ ప్రశ్నించవచ్చని అందులో రాశారు. నా మటుకు గీత అక్కడే గీయాలి. క్లాసు ఉండాలి, కానీ అది చౌకగా, సెలవు రోజుల్లో దొరకాలి. పాసైనవాడికి అధికారి కాదనడానికి వీల్లేకుండా ఉండాలి.

మీ రాష్ట్రం అడగకపోయినా మీరే వెళ్లి లైసెన్సు తీసుకోండి. టెక్సస్‌లో ఆ లైసెన్సు ఇప్పటికీ ఇస్తున్నారు. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, రాత పరీక్ష, తర్వాత 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 రౌండ్లు కాల్చాలి. కాల్చడం అందులో తేలిక భాగం. ఎప్పుడు కాల్చకూడదో చట్టం ఏమంటుందన్న గంట మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని వినండి. కారు ఎత్తుకుపోతున్నవాడి వీపు మీద కాల్చేసి ఆత్మరక్షణ అంటే చాలాచోట్ల నడవదు.

చేతిలో పట్టుకునే విషయానికొస్తే, పిస్టల్ ఖాళీ చేయడంలో వరస ముఖ్యం. ముందు మ్యాగజైన్ (పిడిలో తూటాలుండే పెట్టె) తీయాలి, తర్వాత స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి. తిరగేసి చేశారో, ఛాంబర్‌లోంచి, అంటే కాల్చడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటు నుంచి, ఒక తూటా కింద పడుతుంది, స్లయిడ్ ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి లోపలికి తోస్తుంది. మ్యాగజైన్ చేతిలో పట్టుకుని ‘ఖాళీ’ అనుకునేది అప్పుడే. స్లయిడ్ వెనక్కి పట్టి ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. గ్లాక్ లాంటి కొన్ని పిస్టళ్లను శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. కాబట్టి తూటాలన్నీ వేరే గదిలో పెట్టి వచ్చి కూర్చోండి. గన్ చేయి జారి పడుతుంటే పడనివ్వండి. గాల్లో పట్టుకోబోతే వేలు పోయేది ట్రిగ్గర్ మీదికే. ట్రిగ్గర్ పూర్తిగా మూసే గట్టి హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) వాడండి. తిరిగి లోపల పెట్టేటప్పుడు చొక్కా అంచు ఇరుక్కుందేమో చూసి, నిదానంగా పెట్టండి.

హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు. 2014 డిసెంబరులో ఐడహోలో ఒక స్టోర్‌లో రెండేళ్ల పిల్లాడు తల్లి బ్యాగ్‌లో చెయ్యి పెట్టాడు. గన్ పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆమెకు పర్మిట్ ఉంది కూడా.

ఇంట్లో సేఫ్‌లోనే పెట్టండి. బీరువా పైన, పరుపు కింద దాచినా పిల్లల కంటికి దొరికిపోతుంది. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2021లో అమెరికాలో తుపాకీ చావులు 48,830 అయితే, అందులో 26,328 ఆత్మహత్యలు. ఇంట్లో ఎవరైనా ఉద్యోగం పోయో, మనసు బాగోలేకో కుంగిపోయి ఉంటే గన్‌ను కొన్నాళ్లు ఇంట్లోంచి తీసేయండి. ఎక్కడ ఉంచాలో స్థానిక పోలీసులను గానీ గన్ షాపును గానీ అడగండి. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లకు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఏ టైములోనైనా ఫోన్ చేయవచ్చు.

బయట తిరిగేటప్పుడు, పోస్టాఫీసులోకి గన్ తీసుకెళ్లకూడదు. స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల లోపు కూడా ఫెడరల్ నిషేధం ఉంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు దీన్నుంచి మినహాయింపు దొరుకుతుంది, పర్మిట్ లేకుండా తిరిగేవాళ్లకు దొరకదు. లైసెన్సు తీసుకోమని పోరడానికి ఇదొక కారణం. టెక్సస్‌లో ఎర్రగా 51% అని బోర్డు ఉన్న బార్లలోకి (అంటే ఆదాయంలో 51 శాతం లేదా అంతకన్నా ఎక్కువ అక్కడే తాగే మద్యం నుంచి వచ్చేవి) వద్దు. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో 2023లో సెక్యూరిటీ చెక్‌పాయింట్ల దగ్గర 6,737 గన్‌లు దొరికాయి, నూటికి 90కి పైగా తూటాలు నిండినవే. చాలామంది చెప్పేది ‘బ్యాగ్‌లో ఉందని మర్చిపోయా’ అనే. విమానంలో తీసుకెళ్లాలంటే ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి, చెక్-ఇన్ లగేజీలో వేయాలి.

పోలీసులు మీ కారు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. మిషిగన్‌లో లైసెన్సు ఉన్నవాళ్లు గన్ ఉందని వెంటనే చెప్పి తీరాలి, కొన్నిచోట్ల అడిగితే చెప్తే చాలు. కారు రిజిస్ట్రేషన్ కాగితాలు, గన్ రెండూ గ్లవ్ బాక్స్‌లోనే ఉంచకండి. కాగితాల కోసం చెయ్యి పెట్టిన మీ ఉద్దేశం అవతలివాడికి తెలియదు.

పర్మిట్ అక్కర్లేదన్నది ఆ రాష్ట్ర సరిహద్దు దాకే. న్యూజెర్సీ లాంటి చోట నడుముకు గన్‌తో దొరికితే ఇంటి దగ్గర చట్టం మిమ్మల్ని కాపాడదు. బయల్దేరిన చోటా, చేరే చోటా మీకు గన్ ఉండటం చట్టబద్ధమైతే, 1986 నాటి ఫెడరల్ చట్టం మధ్య రాష్ట్రాల మీదుగా పోనిస్తుంది. దానికి గన్‌లో తూటాలు ఉండకూడదు. గన్, తూటాలు రెండూ సీట్లో కూర్చుంటే అందని చోట, అంటే డిక్కీలో ఉండాలి. డిక్కీ వేరుగా లేని కారైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్ బాక్స్‌కి తాళం వేస్తే చాలదు. దారిలో ఎన్ని రాష్ట్రాలు తగులుతాయో చూసి, ఒక్కోదాని చట్టం బయల్దేరే ముందే ఆ రాష్ట్ర పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో చదువుకోండి.