నది మధ్యలో మోటారు ఆగితే ముందు పెట్రోలు బల్బు పట్టి చూడండి

రేవులో ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది. కృష్ణ మధ్యకు పోయాక గుక్కపట్టి ఆగిపోతుంది. తాడు లాగితే మళ్లీ లేస్తుంది, కాసేపు నడిచి మళ్లీ బంద్. సోమశిల, మంచాలకట్ట వైపు నుంచి కొల్లాపూర్‌లో నా షెడ్డుకు వచ్చే అవుట్‌బోర్డ్ మోటార్లలో (పడవ వెనక తగిలించేవి) ఎక్కువ వాటిది ఇదే కథ. తెచ్చినవాళ్లు ముందే తీర్పు చెప్పేస్తారు: "అన్నా, కార్బొరేటర్ పోయింది." చాలాసార్లు ఆ కార్బొరేటర్ ఏ పాపమూ ఎరగదు. పెట్రోలు దాని దాకా రావట్లేదు, అంతే.

నా పద్ధతి ఒకటే. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పెట్రోలు పోయే దారినే పోవాలి: ట్యాంకు, పైపు, చేతి బల్బు, కనెక్టర్, ఫిల్టర్, పంపు, ఆఖరున కార్బొరేటర్. నేను చెప్పేది పడవలో విడిగా ట్యాంకు పెట్టుకునే టూ-స్ట్రోక్ మోటార్ల సంగతి. ఈఎఫ్‌ఐ మోటారులో, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకంలో, ఇంజెక్టర్ల వైపు పైపుల్లో ప్రెషర్ ఎక్కువ ఉంటుంది. వాటిని నీళ్ల మీద విప్పొద్దు.

మోటారు ఆగగానే లంగరు వేయండి, లేదా తెడ్డు అందుకోండి. ఆషాఢం గాలికి పడవ ఏ రాళ్ల మీదికి పోతుందో చూసుకోకుండా మూత విప్పి కూర్చుంటే కష్టం. బీడీ ఆర్పేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోకుండా పడవ అడుగునే పేరుకుంటుంది. ఇంకొకటి, నవ్వకండి: స్విచ్‌కు ఉండే ఎర్ర తాడు క్లిప్పు ఊడిందేమో చూడండి. అది ఊడితే కరెంటే రాదు. అది చూడకుండా మోటారు విప్పేసి, మూటగట్టి తెచ్చినవాళ్లూ ఉన్నారు.

తప్పు పెట్రోలుదా, కరెంటుదా అని తేల్చుకోవడానికి ప్లగ్గు విప్పి చూడండి. అంతసేపు తాడు లాగినా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందట్లేదు. తడిసి ఉంటే అందుతోంది, చూడాల్సింది కరెంటు వైపు. నడుస్తూ నడుస్తూ ఆగబోతున్నప్పుడు చోక్ కొంచెం లాగితే మోటారు తేరుకుంటోందా? అదీ పెట్రోలు తక్కువ పడుతోందని గుర్తే.

ఇప్పుడు బల్బు. ట్యాంకుకూ మోటారుకూ మధ్య పైపులో ఉండే ఈ రబ్బరు ఉండ సగం రోగం చెప్పేస్తుంది. దాని మీద బాణం గుర్తుంటుంది. బాణం మోటారు వైపు చూపాలి. పిసికేటప్పుడు బాణం ఆకాశానికి ఉండేట్టు నిలువుగా పట్టుకోండి, లోపలి వాల్వులు అప్పుడే సరిగ్గా పడతాయి. కొన్ని పిసుకులకు బల్బు గట్టిపడాలి. మోటారు నడుస్తున్నప్పుడు కాస్త మెత్తబడితే టెన్షన్ పడకండి, అది మామూలే.

బల్బు లోపలికి చొట్టపడి అలాగే ఉండిపోయిందంటే ట్యాంకు వైపు అడ్డం ఉంది. నూటికి తొంభై సార్లు అది ట్యాంకు మూత మీది గాలి స్క్రూ. బండి మీద తెచ్చేటప్పుడు పెట్రోలు చిందకుండా బిగిస్తారు, పడవలో పెట్టాక వదులు చేయడం మరిచిపోతారు. పెట్రోలు తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత లాగినా చుక్క కదలదు. మూత వదులు చేయగానే 'స్స్' మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే. స్క్రూ తెరిచే ఉంటే వల బుట్ట కింద పైపు నలిగిందేమో చూడండి. ఆ తర్వాత ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివర ఉండే జాలి తీసి కడగండి.

బల్బు ఎంత పిసికినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పడుతోంది, లేదా బల్బు వాల్వులే పోయాయి. గాలి పడే చోటు దొరకడం ఓపిక పని. బల్బు దాటాక లీకైతే పిసికినప్పుడు తడి కనిపిస్తుంది. బల్బుకూ ట్యాంకుకూ మధ్య అయితే చుక్క కూడా బయటికి రాదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. షెడ్డులో అయితే బల్బు తర్వాత జానెడు పారదర్శకమైన పెట్రోలు పైపు పెట్టి మోటారు నడుపుతాను. బుడగలు వరసగా పోతుంటే అనుమానం తీరినట్టే. ఎక్కువసార్లు తప్పు కనెక్టర్ లోపలి ఓ-రింగుదే. అది చిన్న రబ్బరు ముక్క. దాన్ని మార్చకుండా కనెక్టర్ చుట్టూ ఎం-సీల్ పూసి తెస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. పైపు చివర్లను బైండింగ్ వైరుతో బిగించడం కూడా మానండి, తీగ రబ్బరును కోస్తుంది. క్లిప్పులు వేయండి.

ఏదీ తేలకపోతే పక్క పడవ వాళ్ల ట్యాంకు, పైపు, బల్బు అన్నీ కలిపి అడిగి తగిలించి చూడండి. దాంతో బాగా నడిస్తే మీ మోటారు నిక్షేపం. కంపెనీ మారితే కనెక్టర్ పట్టదు, ఒకే రకం మోటారు ఉన్నవాళ్లను అడగండి.

ఇక నీళ్ల సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పట్టేసుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోలు పనికిరాదు. పైన కొత్తది పోస్తే బాగుపడదు, మొత్తం తీసేయండి. తీసింది నదిలో మాత్రం పోయకండి. కొత్తది పోసేటప్పుడు ఆయిల్ మళ్లీ కలపాలి. 50:1 అని రాసి ఉన్న మోటారుకు లీటరుకు 20 మిల్లీలీటర్లు. పాత పైపులను కూడా ఇథనాల్ లోపలి నుంచి తినేస్తుంది. ఫిల్టరులో నల్లటి నలకలు కనిపిస్తే ఫిల్టర్ ఒక్కటే మార్చి లాభం లేదు, పైపు కూడా మార్చాలి.

ఆగబోతున్న మోటారు బల్బు పిసుకుతుంటే నడిచి, చెయ్యి తీస్తే ఆగుతోందనుకోండి. ఇంతవరకు చెప్పినవన్నీ బాగున్నాయంటే పంపు మీద అనుమానం. ఈ మోటార్లలో పంపు క్రాంక్‌కేసు (పిస్టన్ వెనక గది) ఒత్తిడితో ఆడుతుంది, లోపల డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటుంది. విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి, లేకపోతే గ్యాస్కెట్ల వరస తప్పుతుంది. డయాఫ్రాన్ని ఎండకు పట్టి చూడండి. సూది మొనంత చిల్లు ఉన్నా, బిరుసెక్కినా మార్చాల్సిందే.

కార్బొరేటర్ విప్పేముందు దాని కింది డ్రెయిన్ స్క్రూ తీసి, చిన్న డబ్బా పట్టి, బల్బు పిసకండి. పెట్రోలు ధారగా వస్తే అక్కడిదాకా దారి బాగుంది, తప్పు జెట్లలో, అంటే పెట్రోలు పోయే సన్నటి ఇత్తడి రంధ్రాల్లో ఉంది. స్పీడు తగ్గించినప్పుడు మాత్రమే ఆగితే చిన్న జెట్, ఫుల్ స్పీడులో గుక్క పడితే పెద్ద జెట్. క్లీనర్ స్ప్రే కొట్టండి. మరీ మూసుకుపోతే కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు చాలు. గుండుసూది పెడితే ఇత్తడి రంధ్రం పెద్దదై, ఇక ఆ మోటారు పెట్రోలు తాగడమే పనిగా పెట్టుకుంటుంది.

వేట బంద్ రోజుల్లో మోటారు మూలకు చేరేముందు పైపు పీకేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడపండి. నిలవ పెట్రోలు ఎగిరిపోతే మిగిలేది జిగురే. ఒడ్డు మీద ఉత్తినే నడిపితే నీళ్ల పంపు రబ్బరు రెక్కలు కాలిపోతాయి, డ్రమ్ములో దించే నడపాలి. ప్రొపెల్లర్ పైన ఉండే పలక మునిగేదాకా నీళ్లు పోశాకే తాడు లాగండి.