లాటిన్ ప్రత్యయంతో కొత్త ఇంగ్లీషు మాటను కట్టడం ఎలా?

లాటిన్ ప్రత్యయాన్ని చేర్చి ఇంగ్లీషులో కొత్త మాటను కట్టదలచినవారు ముందుగా గమనించవలసింది దాని శబ్దంలోని సొంపును కాదు, అది చేసే పనిని. ‘ఏరియం’ ఒకదానికి నెలవైన చోటును తెలుపుతుంది, ‘టర్’ పని చేసే మనిషినో పరికరాన్నో తెలుపుతుంది, ‘ఏషన్’ క్రియను నామవాచకంగా మారుస్తుంది. చెప్పదలచిన అర్థానికి ఏది తగునో తేల్చుకున్న తరువాతే ప్రకృతిని, అంటే ప్రత్యయం చేరే మూలపదాన్ని, వెతకాలి.

ప్రకృతి లాటిన్ పదమే అయితే, దాని చివరనున్న విభక్తిని తొలగించి కొత్త ప్రత్యయాన్ని చేర్చాలి. నీరు అని అర్థమున్న ‘ఆక్వా’ చివరి అచ్చును తీసివేసి ‘ఏరియం’ చేర్చితే అక్వేరియం అవుతుంది. రోమన్ల కాలంలో పశువులు నీరు తాగే చోటును సూచించిన ఈ మాటను 1850లలో ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ జలచరాలను పెంచే తొట్టెకు వాడి ప్రచారంలోకి తెచ్చారు. టెర్రేరియం, ఓషనేరియం ఆ తరువాత అదే పోతలో వచ్చాయి. క్రియల విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. చూడడాన్ని తెలిపే ‘విడేరే’ నుంచి ‘విజన్’ వచ్చింది గాని ‘విడన్’ రాలేదు, ఎందుకంటే అందులోని ‘ఇయన్’ (ion) ప్రత్యయం చేరేది ‘విసుస్’ (చూడబడిన) అనే భూతకాల కృదంతానికి, అంటే ఆ క్రియ నుంచి పుట్టిన విశేషణానికి.

ప్రత్యయానికి లాటిన్‌లో ఉన్న అర్థంతో పాటు, ఇంగ్లీషులో అది కొత్తగా సంతరించుకున్న అర్థాన్ని కూడా తూచుకోవాలి. 1807లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తాను వేరుచేసిన లోహాలకు పొటాషియం, సోడియం అని పేర్లు పెట్టిన నాటి నుంచి ‘ఇయం’ లోహానికి గుర్తుగా స్థిరపడింది. 1868లో సూర్యకాంతి వర్ణపటంలో గుర్తించిన మూలకాన్ని లోహమని భావించి హీలియం అన్నారు. అది వాయువని తరువాత తేలినా పేరు మారలేదు, అందువల్ల తోటి వాయువులైన నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్‌ల వరుసలో అదొక్కటే వేరుగా వినిపిస్తుంది.

ప్రత్యయమే మాటగా మారిన సందర్భం నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. ‘ఓమ్నిబుస్’ అంటే ‘అందరి కొరకు’ అని అర్థం. అందులో ‘అందరు’ అన్న భాగం రాలిపోయి, మన చతుర్థీ విభక్తికి సాటియైన చివరి ముక్క మాత్రమే బస్సుగా మిగిలింది. ‘కొరకు’ అన్న విభక్తి వాహనం పేరైనట్టే కదా! మినీబస్, ట్రాలీబస్ వంటివి ఆ ముక్కతోనే పుట్టాయి.

ప్రకృతి, ప్రత్యయం ఒకే భాషవి కావాలన్న నియమాన్ని మరీ బిగించనక్కరలేదు. టెలివిజన్‌లో సగం గ్రీకు, సగం లాటిన్. స్టార్వేషన్‌లో అచ్చమైన ఇంగ్లీషు క్రియకు లాటిన్ ప్రత్యయం తగిలింది. బహువచనంలో మాత్రం పొరపాటు పడకూడదు. ‘అస్’తో ముగిసిన ప్రతి మాటకూ లాటిన్ బహువచనపు ‘ఐ’ చేర్చితే గ్రీకు నుంచి వచ్చిన ఆక్టోపస్ ‘ఆక్టోపై’ అవుతుంది, అప్పటికే బహువచనమైన ఓమ్నిబస్ ‘ఓమ్నిబై’ అవుతుంది. మూలం రూఢిగా తెలియనప్పుడు ఇంగ్లీషు పద్ధతిలో ఆక్టోపసెస్, ఓమ్నిబసెస్ అనడమే సరైనది.