దారి తానే వెతుక్కునే నెట్‌వర్క్ – 3వ పాఠం: ఐడీల మధ్య దూరం

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. మామూలు మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ మొత్తం పడిపోయింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. బాగుచేయాల్సిన ఇంజినీర్లకు రూటర్లు దూరం నుంచి అందలేదు. ఇలాంటప్పుడు పనికొస్తుందని విడిగా పెట్టుకున్న నెట్‌వర్క్ కూడా అందలేదు. చివరికి మనుషులే డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది.

కంట్రోల్ ప్లేన్‌కు, అంటే నెట్‌వర్క్‌ను నడిపించే, సరిచేసే భాగానికి కావాల్సిన కనెక్షన్ ఎవరూ కాన్‌ఫిగర్ చేయకుండానే నిలబడాలని నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే. కేబుల్ పెట్టి కరెంట్ ఇస్తే చాలు, నోడ్లు (నెట్‌వర్క్‌లోని యంత్రాలు) ఒకదాన్నొకటి కనుక్కోవాలి.

గత పాఠంలో రిప్ (రూటర్లు దారులు తేల్చుకునే ఒక పాత పద్ధతి) సంగతి చూశాం: దారి తెగిపోయినా నోడ్లు ఒకదాని మాట ఒకటి నమ్ముతూ దూరాన్ని పెంచుకుంటూ పోతాయి, 16కు చేరాకే ఆగుతాయి. ఓఎస్‌పీఎఫ్ అనే ఇంకో పద్ధతికి ఆ బాధ లేదు. కానీ ఒక ఏరియాలోని ప్రతి రూటర్ ఆ ఏరియా మ్యాప్ మొత్తాన్ని దాచుకోవాలి, ఏరియాలను ఎలా విడగొట్టాలో మనిషే ప్లాన్ చేయాలి. లక్ష నోడ్లు, అవీ వస్తూ పోతూ ఉండేవి అయితే ఇది కష్టం.

ఇంకో దారి 2002లో పెటార్ మేమూంకోవ్, డేవిడ్ మజియేర్ రాసిన కడెమ్లియా నుంచి వచ్చింది. ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్‌లో వాడేది ఈ పద్ధతినే. ప్రతి నోడ్ తనకు తానే ఒక ర్యాండమ్ ఐడీ పెట్టుకుంటుంది. రెండు ఐడీల మధ్య దూరం అంటే వాటి ఎక్సార్: బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1. ఉదాహరణకు 0010, 1110 తీసుకోండి. ఎక్సార్ 1100, దాన్ని బైనరీ సంఖ్యగా చదివితే దూరం 12. ముందుకెళ్లే ముందు ఇలాంటివి నాలుగైదు కాగితం మీద చేయండి, చేయి అలవాటు పడాలి.

ఒక నోడ్ అందరినీ గుర్తుపెట్టుకోదు. మొదటి బిట్‌లోనే తనతో తేడా ఉన్నవాళ్లలో కొందరిని, మొదటి బిట్ కలిసి రెండోది తేడా ఉన్నవాళ్లలో కొందరిని, అలా వరుసల వారీగా ఒక టేబుల్లో ఉంచుకుంటుంది. లక్ష నోడ్లున్నా నిండే వరుసలు సుమారు 17 మాత్రమే, ఎందుకంటే 2ను 17 సార్లు హెచ్చిస్తే లక్ష దాటుతుంది. నెట్‌వర్క్ రెట్టింపైతే ఒక్క వరుసే పెరుగుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అయితే ఒక తేడా ఉంది. కడెమ్లియా కింద అప్పటికే ఇంటర్నెట్ పనిచేస్తోంది, కాబట్టి అవతలి నోడ్ ఐపీ అడ్రస్ తెలిస్తే సరిపోతుంది. మనకు కింద ఏమీ లేదు. అందుకే ఐడీతో పాటు అక్కడికి వెళ్లే అసలు దారిని, అంటే మధ్యలో వచ్చే నోడ్ల వరుసను కూడా రాసుకోవాలి. 2022లో జర్మనీలోని కార్ల్స్‌రూ పరిశోధకులు మరికొందరితో కలిసి ప్రతిపాదించిన కీరా ప్రోటోకాల్ ఈ ఆలోచన మీదే నడుస్తుంది.

ఇప్పుడు చేసి చూద్దాం. ఆరు నోడ్లు: 2 (0010), 5 (0101), 7 (0111), 9 (1001), 12 (1100), 14 (1110). కేబుళ్లు: 2–5, 5–9, 5–7, 9–7, 7–12, 12–14. బొమ్మ గీసుకోండి.

2 నుంచి 14కు ప్యాకెట్ పంపాలి. 2 టేబుల్లో 1తో మొదలయ్యే ఐడీ ఒక్కటే ఉందనుకుందాం: 9, దారి 2-5-9. 14కు 2వ నోడ్ దూరం 12, 9వ నోడ్ దూరం 7. దగ్గరపడుతోంది కాబట్టి ప్యాకెట్ 9కి వెళ్తుంది. 9కి 12 తెలుసు, దారి 9-7-12. 14కు 12వ నోడ్ దూరం 2 మాత్రమే. ఆ 12కు 14 పక్కనే ఉంది. వచ్చేసింది.

చాలామంది తడబడేది ఇక్కడే. దారిలో 7వ నోడ్ తగిలింది కదా, 14కు దాని దూరం 9. అంటే 9వ నోడ్ దగ్గర 7గా ఉన్న దూరం మళ్లీ పెరిగిందా? పెరిగింది, అయినా ఫర్వాలేదు. ఐడీ దూరాన్ని లెక్క చూసేది ఎవరికి అప్పగించాలో తేల్చేటప్పుడే. మధ్యలోని నోడ్లు ప్యాకెట్‌పై రాసి ఉన్న దారిని పాటిస్తాయి, అంతే. కేబుళ్ల దూరం వేరు, ఐడీల దూరం వేరు. వీటిని కలిపేస్తే ఏ లెక్కా కుదరదు.

ఇప్పుడు 9–7 కేబుల్ తెంపండి. 9 తనకు మిగిలిన పొరుగు నోడ్ 5ను అడుగుతుంది. తన పక్కనున్న 7కు 12 పొరుగని 5కు తెలుసు. కొత్త దారి 9-5-7-12. ప్యాకెట్ 2-5-9-5-7-12-14గా వెళ్తుంది. చుట్టుదారే, కానీ చేరుతుంది. జవాబుతో పాటు ఆ దారి మొత్తం 2కు తిరిగొస్తుంది. అందులో 5 రెండుసార్లు కనబడగానే మధ్య ముక్కను 2 కత్తిరిస్తుంది: 2-5-7-12-14. మొదట ఐదు హాప్‌లు (ఒక నోడ్ నుంచి పక్క నోడ్‌కు ఒక్కో అడుగు) పట్టిన ప్రయాణం కేబుల్ తెగాక నాలుగుకు తగ్గింది! రిప్‌లో లూప్ దూరం 16కు చేరేదాకా ఎవరికీ కనబడకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ దారి రాసి ఉంది కాబట్టి చూడగానే దొరికిపోతుంది.

మీరు చేయాల్సింది: 9–7 కేబుల్‌ను మళ్లీ కలపండి. కొత్తగా 6 (0110) అనే నోడ్‌ను చేర్చి 9కి, 14కు కేబుల్ వేయండి. 6 టేబుల్లో ఏ వరుసలో ఎవరు వస్తారో రాయండి. తర్వాత 12ను ఆపేసి, 2 నుంచి 14కు దారి కనుక్కోండి. 14కు 6 దూరం 8, 9 దూరం 7. ఐడీ దూరం మాత్రమే చూస్తే 9 తనకన్నా దూరంగా ఉన్న 6కు ప్యాకెట్ ఇవ్వదు, అక్కడే ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే 9కి ముందే ఏం తెలిసి ఉండాలి? జవాబు 4వ పాఠంలో చూద్దాం.